సన్యాసుల కొట్టం

పెళ్లిపిలుపులు ఇప్పుడు ఫోన్లోనే వస్తున్నాయి కదా. మొన్న అలాగే ఒకటి వచ్చింది, క్వేకర్స్ హిల్‌లో ఒకప్పుడు మా పక్కవీధిలో ఉన్నవాళ్ళ అమ్మాయిది. వేలితో పైకి జరుపుతూ పోతే ముహూర్తం, భోజనాలు, ఏ రంగు బట్టలు కట్టుకురావాలో ఒక ఆజ్ఞ, అన్నిటికంటే కింద పెళ్లి జరిగే చోటు ఫోటో. ఆ ఫోటో చూసి కాఫీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. మా అమ్మాయి నా భుజం మీంచి తొంగిచూసి, అదొక బార్న్ అమ్మా, చాలా అందంగా ఉంటుంది, అందరూ అక్కడే చేసుకుంటున్నారు అని ఇంగ్లీషులో నాకు పాఠం చెప్పింది. నాకు తెలియకపోతే కదా, తల్లీ! ఆ కొట్టంలో ఏ దుంగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పిన రోజులున్నాయి నాకు. అప్పట్లో అది కేథలిక్ సన్యాసుల మఠానికి చెందిన పొలం. గడ్డీ, ధాన్యమూ, యంత్రాలూ అన్నీ ఒకే కప్పు కింద దాచుకోవడానికి మొదటితరం సన్యాసులు అడవికలపతో కట్టుకున్న కొట్టం అది. ఇప్పుడు సన్యాసులు లేరు, పొలం చేతులు మారింది, సంసారుల పెళ్లిళ్ళు జరుగుతున్నాయి.

నేను ఈ దేశం వచ్చింది వైటూకే రోజుల్లో. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిపెట్టారు, రెండువేలు రాగానే యంత్రాలకు మతిపోతుంది అని లోకమంతా కంగారుపడుతున్న కాలం. ఆ రెండంకెల్ని నాలుగు చెయ్యడానికి హైదరాబాదు నుంచి మనవాళ్ళని విమానాల్లో దించుకున్నారు. అలా దిగినవాళ్ళలో మా ఆయన మురళి ఒకడు. ఆయన వెనక సూట్‌కేసుతో పాటు నేను. మురళి వాళ్ళక్క సుగుణ వదిన అప్పటికే ఇక్కడ చాలాకాలంగా స్థిరపడి ఉంది. ఆవిడ భర్త డాక్టరు, బ్లాక్‌టౌన్‌లో క్లినిక్. నేను ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో ఉండండి అంది వదిన. ఇల్లు దొరకడానికి మేం వెతికితే కదా. వెతకనివ్వలేదు ఆవిడ. అంత ప్రేమ.

ఆ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. ఆ మాట ముందే చెప్పకపోతే పాపం తగులుతుంది. కానీ ఊపిరాడేది కాదు. పొద్దున్నే మగవాళ్ళిద్దరూ వెళ్ళిపోయేవారు. వీధిలో మనిషి అలికిడి ఉండదు, ఉత్తరాలవాడి మోటారుబండి చప్పుడు తప్ప. స్టేషను దగ్గర్లోనే ఉంది, రైలెక్కొచ్చు, కానీ ఎక్కడికని ఎక్కను? వదిన వంట మొదలుపెడితే నాకు ఒక ఉద్యోగం ఉండేది: పోపులో మిరపకాయలు వెయ్యగానే పైకప్పుకున్న పొగ అలారం గోలపెట్టకుండా దాని కింద నిలబడి తువ్వాలుతో విసరడం. చేతులు పైకెత్తి విసురుతూ ఉంటే ఒక్కోరోజు ఏడుపొచ్చేది. నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివాను. పాత నవాబుల దేవిడీ మహళ్ళను అంగుళం వదలకుండా కొలిచి గీతలు గీసిన చేతులు ఇవి. కొత్తకోడలికి పొగ విసిరే పని కూడా గౌరవంగానే అప్పజెప్పింది వదిన, అందుకే ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు.

మన చదువు ఇక్కడ చెల్లదు, మళ్ళీ పరీక్షలు రాయాలి, ఏళ్ళు పడుతుంది, కంప్యూటర్ నేర్చుకో అనేది వదిన. ఆవిడ ఒక్కతే కాదు, గుడికెళ్తే ఆంటీలందరిదీ అదే మాట. ఆ కాలంలో తెలుగువాళ్ళకి తెలిసిన దారి అదొక్కటే. పశువైద్యం చదివినవాడూ అదే, ఎమ్మే తెలుగు చదివినామె అదే. గరాజ్‌లో నాకు పాత కంప్యూటర్ ఒకటి పెట్టించారు. ఒకపక్క గడ్డికోసే యంత్రం, దాని పెట్రోలు కంపు, ఇంకోపక్క ఆవకాయ జాడీలు, బియ్యం బస్తాలు, మధ్యలో నేను. సాయంత్రం మురళి వచ్చి చెప్పిన పాఠం అప్పజెప్పించుకునేవాడు. నా బుర్రకి ఒక్క ముక్క ఎక్కేది కాదు. ఎక్కకపోతే ఏం, వదినకు తెలిసిన, ఉద్యోగాలు కుదిర్చే కన్సల్టెన్సీ ఆయన నాకు మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు రెజ్యూమె తయారు చేయించి పెట్టాడు. అందరూ చేసేదేనమ్మా, ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటారు అన్నాడు. మురళి కాంట్రాక్టు ఆ ఏడాది చివరితో అయిపోతుంది. ఈలోగా ఇద్దరిలో ఒకరికైనా ఉద్యోగం రాకపోతే తిరుగు విమానమే. నాకు ఇష్టమే, ఆయనకే కాదు.

అటువంటి ఒక శనివారం హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పులిహోర పొట్లాలతో కారెక్కాక, అన్నయ్యగారు కారును ఇంటివైపు కాక ఇంకా దక్షిణానికి పోనిచ్చారు. మఠంలో ఒక ముసలి సన్యాసి ఆయన దగ్గర వైద్యం చేయించుకునేవాడు, కదలలేని స్థితి వచ్చాక ఈయనే రెండువారాలకోసారి వెళ్ళి చూసొచ్చేవారు. ఆయన లోపలికి వెళ్ళారు, మేం ముగ్గురం బయట నిలబడ్డాం. ఒకపక్క పొట్టి ఇటుక కట్టడం ఒకటి, ఇంకోపక్క ఆకాశానికి లేచిన కొయ్య కట్టడం ఒకటి. ఏ దేవుడైనా దేవుడే, వచ్చినవాళ్ళం ఒక దణ్ణం పెట్టుకుందాం అని వదిన చెప్పులు విప్పింది. మేమూ విప్పాం. చలికాలం, నేల మంచుగడ్డలా ఉంది. పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్తే మధ్యలో విశాలమైన నడవ, రెండుపక్కలా బారుగా స్తంభాలు, స్తంభాల వెనక చీకటి వసారాలు, ఎక్కడో పైన కప్పు. చర్చి కాదని ఎవరంటారు? నడవ చివర ఏదో పెద్దదానికి ముదురాకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. వదిన గొంతు తగ్గించి, నైవేద్యం వేళ కాబోలు, తెర వేశారు, తీసేదాకా ఉందాం అంది. పులిహోర పొట్లమూ అరటిపండూ ఆ తెరముందు పెట్టింది. ముగ్గురం చేతులు జోడించి, చెప్పుల్లేని కాళ్ళతో, తెర తీసేదాకా అలాగే నిలబడ్డాం.

నిలబడి తలెత్తి చూశాను. అంతే, ఇంక దించలేకపోయాను. ఒక్క ఇనుపమేకు లేదు. ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గాడిలో దూర్చి, రెండిటినీ కలిపి అడ్డంగా కర్రచీల కొట్టారు. స్తంభం నుంచి దూలానికి ఏటవాలుగా ఊతకర్రలు, దూలం మీద వాసాలు, వాసాలమీద రేకు. గొడ్డలిదెబ్బలు చెక్కమీద ఇంకా కనిపిస్తున్నాయి. నెలల తరబడి గరాజ్ కప్పు, వంటింటి పొగ అలారం తప్ప మరేదీ చూడని కళ్ళకు ఎంత ఎత్తు దొరికిందో! నాకు చదువొచ్చు అని ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు, చెంపలమీద నీళ్ళు కారిపోతున్నాయి. వదిన అది చూసి భక్తి అనుకుంది, మెచ్చుకోలుగా నా వీపు నిమిరింది.

అంతలో మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని ఒక పొడుగాటి సన్యాసి లోపలికి వచ్చాడు. ఆయన పేరు బ్రదర్ లియో, పొలం పనంతా ఆయనదే. మాకు తల ఊపి, తిన్నగా వెళ్ళి ఆ గుడ్డ లాగేశాడు. ఎర్ర ట్రాక్టరు. వదిన చేతులు అప్పటికే నుదుటికి ఆనించి ఉన్నాయి. మురళి దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పరుగెత్తాడు. బ్రదర్ లియో నవ్వలేదు. మా కాళ్ళకేసి చూశాడు, పులిహోర పొట్లం చూశాడు, ఇది ట్రాక్టరుకా అని చాలా మర్యాదగా అడిగాడు. వదిన సిగ్గుతో చచ్చిపోతూ, మీకే అంది. ఆయన ఇంజను మీద కూర్చుని పొట్లమంతా తిన్నాడు. తింటూ చెప్పాడు, ఈ కొట్టం తూర్పువైపు ఒరిగిపోయిందనీ, స్తంభాలు పుచ్చిపోయి ఉంటాయని బీమా కంపెనీవాళ్ళు తేల్చారనీ, ఏడాది తిరిగేలోగా పడగొట్టెయ్యాలనీ. పడగొట్టేముందు కొలతలు తీసి బొమ్మలు గీసి ఉంచితే బాగుండునని ఊరి కౌన్సిలువాళ్ళు అంటున్నారట, గీసేవాళ్ళు లేరట. నేను గీస్తాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని వదిన నమ్మలేనట్టు తిరిగి చూసింది.

కారులో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ట్రాక్టరుకి నైవేద్యం పెట్టిన సంగతే సరిపోయింది. కానీ వచ్చే శనివారం కాక పై శనివారం అన్నయ్యగారు తాళాలు తీసుకుంటూ, వస్తావామ్మా అని మామూలుగా అడిగారు. అలా మొదలైంది. కొలత అనేది ఒక్కరి పని కాదు, టేపు ఈ కొస పట్టుకోవడానికి ఒకరు, ఆ కొసన చదవడానికి ఒకరు ఉండాలి. రోగిని చూసేసి వచ్చి అన్నయ్యగారే ఆ కొస పట్టుకునేవారు. నేను చదివిన అంకె ఆయన మళ్ళీ గట్టిగా చెప్పేవారు, మందు మోతాదు చెప్పినంత శ్రద్ధగా. ఎండుగడ్డి వాసన, గొర్రెల ఉన్ని జిడ్డు వాసన, రేకుల కింద ఎండకి కలప విడిచే ఒకరకం చేదు వాసన. అది ఐరన్‌బార్క్ అని ఇక్కడి నీలగిరిజాతి మాను, గొడ్డలికి ఒక పట్టాన లొంగనంత గట్టిది. ఇంటికొచ్చాక గరాజ్‌లో కంప్యూటర్ కట్టేసి, బియ్యం బస్తా మీద కాగితం పరచి, కొలతల్ని గీతలు చేసేదాన్ని. తలుపు చప్పుడైతే కంప్యూటర్ వెలిగించేదాన్ని. నేను ఎవరో మళ్ళీ నాకు తెలుస్తున్నట్టుండేది. ఆ గరాజే ఇంకా ఇరుకయింది కూడా.

కర్రచీలల సంగతి నాకు అక్కడే బోధపడింది. గాడిలోనూ నాలుకలోనూ బెజ్జాలు సరిగ్గా ఎదురెదురుగా పెట్టరు. కావాలనే వెంట్రుకవాసి పక్కకి తొలుస్తారు. చీల కొట్టినప్పుడు అది వంగుతూ దిగి రెండు దుంగల్నీ దగ్గరికి లాగేస్తుంది. మళ్ళీ బయటికి రాదు, విరగాల్సిందే. స్తంభాలూ దూలాలూ కలిసిన చట్రాలన్నీ అలా బిగిసినవే, తూర్పుచివరిది తప్ప. అక్కడ చీలలు సగమే దిగి ఉన్నాయి. ఊతకర్రలు అసలు లేవు. వాటికోసం స్తంభాల్లోనూ దూలాల్లోనూ తొలిచిన గాడులు మాత్రం ఉన్నాయి, కందిరీగల మట్టిగూళ్ళతో పూడిపోయి. నిచ్చెనెక్కి స్క్రూడ్రైవరుతో మట్టి తవ్వి చూస్తే ఆ గాడుల వాలు ఒకదానికొకటి అచ్చంగా సరిపోయింది. దూలాల కొసలు కూడా ఇంకో దూలాన్ని అతికించుకోవడానికి వీలుగా సగం చెక్కి వదిలేశారు. వాళ్ళు కొట్టాన్ని ఇంకా తూర్పుకి పెంచుదామనుకున్నారు. అందుకని చివరి చట్రాన్ని బిగించకుండా తాత్కాలికంగా నిలబెట్టారు. ఏ కారణమో, పెంచలేదు. తాత్కాలికం అలాగే ఉండిపోయింది. అది ఒరిగింది పుచ్చి కాదు, ఊత లేక. ఆ మాట గట్టిగా పైకి అన్నాను, కిందనున్న అన్నయ్యగారు అలవాటుకొద్దీ దాన్నీ తిరిగి చెప్పారు.

నా బొమ్మలు చూసి బ్రదర్ లియో బీమావాళ్ళ ఇంజనీరుకి ఫోన్ చేశాడు. చివరి రిపోర్టు ఇచ్చేముందు ఆయన శుక్రవారం వస్తాడు, నువ్వే నిచ్చెనెక్కి చూపించి చెప్పాలి అన్నాడు. సరిగ్గా ఆ శుక్రవారమే కన్సల్టెన్సీ ఆయన కుదిర్చిన ఇంటర్వ్యూ, పారమట్టాలో. రెండూ పొద్దుటిపూటే. వేళ మార్చమంటే కుదరదన్నారు అటూ ఇటూ. ఇంట్లో చెప్పకుండా ఆ వారం నెట్టుకొచ్చాను. శుక్రవారం వదిన తన నల్లకోటు ఇస్త్రీ చేసి నాకు తొడిగింది, నా జడ తనే విప్పి ముడి వేసింది. ఉప్మా ముందు కూర్చున్నాక చెప్పాను, నేను మఠానికి వెళ్తానని.

వదిన అరవలేదు. గరిటె కింద పెట్టింది. "ఆ కొట్టం పడిపోతే వాళ్ళు ఇంకోటి కట్టుకుంటారు. మీ కాపురం ఈ దేశంలో నిలబడకపోతే ఎవరు కడతారు?"

"నాకు లేని మూడేళ్ళ గురించి అడుగుతారు వదినా. నేనేం చెప్పను? అక్కడైతే నాకు వచ్చింది చెప్తాను."

"వచ్చింది చెప్పుకుంటే సరిపోయే రోజులైతే మాకీ బాధలెందుకు?" అంది.

మురళి ఉప్మాలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. ఆయన ఏదో ఒకటి అంటాడని చూశాను. అటైనా సరే, ఇటైనా సరే. అన్నయ్యగారు చెయ్యి కడుక్కుని, క్లినిక్‌కి ఫోన్ చేసి పొద్దుటి రోగుల్ని సాయంత్రానికి రమ్మని చెప్పించి, తాళాలు తీసుకున్నారు. ఆయన వదినకి ఎదురుచెప్పగా నేను చూసింది అదొక్కసారే, అదీ నోటితో కాదు.

ఇంజనీరు మంచివాడే. గాడులు చూపిస్తే, పాత కట్టడంలోంచి తెచ్చిన కలపేమో, అందుకే పనికిరాని బెజ్జాలు ఉంటాయి అన్నాడు ముందు. నేను వదిన కోటుతోనే నిచ్చెనెక్కి, ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి తాడు బిగించి లాగి, రెండోవైపూ అలాగే లాగి చూపించాను. తాళ్ళు రెండూ ఒకే వాలులో, ఎక్కడా ఒరుసుకోకుండా వెళ్ళి కూర్చున్నాయి. ఆయన కూడా నిచ్చెనెక్కాడు. స్తంభాల మొదళ్ళను సుత్తితో కొట్టి విన్నాడు, గట్టిగానే పలికాయి. చట్రాన్ని నిటారుగా లాగి, ఈ రెండు ఊతకర్రలూ పెట్టి బిగిస్తే ఇంకో వందేళ్ళు ఉంటుంది, అలాగే రాస్తాను అన్నాడు. బ్రదర్ లియో శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంజనీరు నా బొమ్మలు తిరగేసి, ఎక్కడ పనిచేస్తున్నారు అని అడిగాడు. ఎక్కడా లేదన్నాను. తన కార్డు ఇచ్చి, ఇక్కడి ఆర్కిటెక్టు రిజిస్ట్రేషన్ వచ్చాక తప్పకుండా కనిపించండి అన్నాడు. ఆ రోజు తిరిగివచ్చేటప్పుడు కారు అద్దాలు దించి జుట్టు రేగనిచ్చి పాటలు పాడాను. అన్నయ్యగారు నా పాట భరించారు.

ఇంట్లో వదిన నాకు కూడా వడ్డించింది, కానీ కొన్ని వారాలపాటు నాతో మాట్లాడాల్సినవన్నీ మురళితో చెప్పించింది. కోటు జేబు దగ్గర చీల గీరుకుని చిరిగితే నేను కుట్టి ఇచ్చాను, అక్కర్లేదులే ఉంచుకో అని అదీ మురళితోనే. ఒకరోజు గరాజ్‌కి వచ్చి మురళి నా పక్కన బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. కంప్యూటర్ తనే వెలిగించాడు. "నీ సరదా తీరింది కదా. ఇక చాలు. నాకోసం," అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో. తిట్టినా, చెయ్యెత్తినా తలుపు తీసుకుని వెళ్ళిపోయేదాన్నేమో. అంత మెల్లగా అడిగితే ఎక్కడికి పోతాం? కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

రెండువేలు వచ్చింది, ఏ యంత్రానికీ మతిపోలేదు. మురళి కాంట్రాక్టు ఇంకొన్నాళ్ళు పెరిగింది, ఈలోగా నాకు లేని అనుభవం చెప్పనక్కర్లేకుండానే చిన్న ఉద్యోగం దొరికింది, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. ఏడాది చేసి రిజిస్ట్రేషన్ పరీక్షలకి కడదామనుకున్నాను. తరవాత పాప, ఇల్లు, ఇంటి అప్పు, నాకు ప్రమోషను. అన్నీ మంచివే. ఒక్కొక్క మంచీ దిగుతూ నన్ను ఇంకొంచెం బిగించింది. ఇంజనీరు కార్డు చాలాకాలం పర్సులో ఉంది, పర్సు మార్చినప్పుడు ఎటో పోయింది. బ్రదర్ లియో పోయాడు. మొన్న కరోనా ముందు అన్నయ్యగారూ పోయారు. నేను పరీక్షించిన ప్రోగ్రాములు ఎన్నో, అన్నిటినీ ఒకదాని తరవాత ఒకటి తీసేసి కొత్తవి పెట్టారు. వాటిల్లో ఒక్కటి ఎక్కడైనా నడుస్తోందని ఎవరైనా చెప్తే ఆశ్చర్యపోతాను.

పెళ్లికి వదినని కూడా తీసుకెళ్ళాను. ఆవిడకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, కర్ర ఉండాలి. నేల మీద చెక్కలు పరిచి నున్నగా చేశారు, కప్పుకు వందల బల్బులు వేలాడదీశారు, ట్రాక్టరు ఉండే చోటే మండపం. గడ్డి వాసన లేదు. బూట్లతో ఉన్న పిల్లలు స్తంభాలకి వీపులు ఆనించి ఫోటోలు దిగుతున్నారు. మాకు ముందువరసలో కుర్చీలు వేశారు. మురళి ఎవరితోనో మాట్లాడుతూ వెనకే ఉండిపోయాడు. వదిన కుర్చీలో సర్దుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి పైకి చూసింది. "ఇందులో నువ్వు చేయించింది ఏది?" అంది. ఆ శుక్రవారం తరవాత ఇన్నేళ్ళలో ఈ కొట్టం మాట ఆవిడ నోట రావడం అదే మొదలు.

మండపం వెనక, చివరి చట్రంలో ఊతకర్రలు రెండూ చూపించాను. మిగతా కలపంతా నల్లబడిపోయింది, అవి మాత్రం ఇంకా కాస్త ఎర్రగానే ఉన్నాయి. ఎవరో వాటికి బంతిపూల దండలు చుట్టారు. వదిన చాలాసేపు చూసింది.

"ఆ రెండేనా?"

అందులో వెటకారం లేదు. నిజంగా ఆశపడి, భంగపడినట్టు అడిగింది. అంత గొడవపడి వెళ్ళినదాన్ని, ఇంకేదో చాలా చేసి ఉంటాననుకుందో ఏమో ఇన్నాళ్ళూ. నాకు ఒక్కసారి కోపం ముంచుకొచ్చింది. నన్ను ఆపిన మనిషే ఇంతేనా అని అడుగుతోంది. "ఆ రెండే వదినా," అన్నాను. "ఆ తరవాత నన్ను పోనిస్తే కదా."

గట్టిమేళం మొదలైంది. చుట్టూ అందరూ లేచి అక్షింతలు వేస్తున్నారు. వదిన గుప్పిట్లోవి వెయ్యలేదు. మూసిన గుప్పిడి ఒళ్ళోనే ఉంది, ఆవిడ ఇంకా పైకే చూస్తోంది.